అణువులు వరుసలో నిలిస్తే

పులికాట్‌లోకి పోటునీరు వచ్చేటప్పుడు చూశారా? నాచుపోగులు నీరు పారే దిక్కుకే సాగుతాయి. నీరు నిలిస్తే చిందరవందరే!

ప్లాస్టిక్‌లో విద్యుత్తు ప్రవహించదనుకునేవారు. 1977లో షిరకావా, మెక్‌డయార్మిడ్, హీగర్‌లు అయోడిన్ చేర్చిన పాలీఎసిటిలీన్‌లో అది బాగా ప్రవహిస్తుందని చూపారు. 2000లో నోబెల్ బహుమతి పొందారు.

నేడు అర్ధవాహక పాలిమర్లను ద్రావణిలో కరిగించి, సిరాలా పలుచని పొరగా పూస్తున్నారు. విద్యుదావేశం అణుగొలుసు వెంట సులువుగా పోతుంది. పక్క గొలుసుకు దూకడమే కష్టం. గొలుసులు చిక్కుపడితే దూకుళ్లు పెరిగి ప్రవాహం మందగిస్తుంది. అందుకే ద్రావణాన్ని బ్లేడు అంచుతో ఒకే దిక్కుకు లాగుతారు. ఆ ప్రవాహానికి గొలుసులు సాగి వరుస కడతాయి. ద్రావణి వెంటనే ఆరితే వరుస నిలుస్తుంది, ఆలస్యమైతే చెదురుతుంది. కనుక వేగమూ వేడిమీ కుదరాలి.

ఉడికిన సేమ్యాను పళ్లెంలో పరచి, శుభ్రమైన దువ్వెనతో ఒకే వైపు దువ్వి చూడండి. సంగతి మీకే బోధపడుతుంది!