నాలుగు తీగల మీద నింగి దాకా

డెబ్బయ్యో దశకంలో మా ఇంట్లో రెండు ప్రభుత్వాలు నడిచేవి. పొద్దుట నాన్నగారిది, సాయంత్రం అన్నయ్యది.

తాతగారి కాలంలో చిత్తూరు జిల్లా నుంచి వచ్చి బెంగుళూరు మల్లేశ్వరంలో స్థిరపడ్డ కుటుంబం మాది. నాన్నగారికి కర్ణాటక సంగీతం ప్రాణం. శ్రీరామనవమి వచ్చిందంటే చామరాజపేట కోట హైస్కూలు మైదానంలో జరిగే కచేరీలకు ఒక్కరోజు కూడా తప్పేవారు కాదు. అన్నయ్యకేమో ఇంగ్లీషు రాక్ సంగీతం పిచ్చి. అతని స్నేహితుడి మామయ్య ఓడలో ఉద్యోగి. మద్రాసు రేవులో దిగినప్పుడల్లా ఒకటో రెండో ఎల్పీ రికార్డులు తెచ్చేవాడు. అవి చేతులు మారి మా ఇంటికి వచ్చేవి. వారం రోజుల్లో తిరిగి ఇచ్చెయ్యాలి. ఆ వారమంతా ఇల్లు దద్దరిల్లేది.

నాన్నగారు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే "ఇది పాటా? పిండిమర ఆడుతున్నట్టుంది!" అనేవారు. అన్నయ్య మాట్లాడకుండా రికార్డు ఆపేసి మేడ మీదికి వెళ్లిపోయేవాడు. ఆ రాత్రికి ఇద్దరూ వేరువేరుగా భోంచేసేవారు. మధ్యలో నలిగేది అమ్మా, నేనూ.

అంతరిక్షం పిలిచిన రోజులు

ఆ రికార్డుల్లో ఎక్కువ భాగం 'స్పేస్ రాక్' అనే తరహావి. అంటే అంతరిక్షపు రాక్ అన్నమాట. ఆ కాలమే అటువంటిది. 1969 జూలైలో మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు. ఆ సందర్భంగా బీబీసీ టెలివిజన్ చేసిన ప్రసారంలో పింక్ ఫ్లాయిడ్ బృందం స్టూడియోలో కూర్చుని అప్పటికప్పుడు అల్లిన సంగీతం వాయించింది. మన ఆర్యభట్ట 1975 ఏప్రిల్ 19న రష్యా రాకెట్ మీద పైకి వెళ్లింది. దాన్ని తయారు చేసింది మా ఊరి పీణ్యలోనే. ఇక కుర్రకారు ఆకాశం వైపు చూడకుండా ఎలా ఉంటారు?

ఈ తరహా పాటలు పది, పదిహేను నిమిషాలు సాగుతాయి. సింథసైజర్ గాలిలా ఈల వేస్తుంది. గిటార్ మోత ప్రతిధ్వనిస్తూ ఎటో తేలిపోతుంది. ఇంత తేలిపోయే సంగీతాన్ని నేలకు కట్టి ఉంచేది ఒక్కటే - బేస్ గిటార్. దానికి సాధారణంగా నాలుగే తీగలు. మామూలు గిటార్‌లోని కింది స్వరాల నాలుగు తీగల కన్నా ఒక స్థాయి దిగువన పలుకుతాయి. అన్నిటికన్నా లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. అది చెవి కంటే ముందు గుండెకు తెలుస్తుంది. గాలిపటం ఎంత ఎత్తుకు ఎగిరినా దారం కిందనున్నవాడి చేతిలో ఉండాలి కదా! ఆ దారం పట్టుకున్నవాడే బేస్ వాద్యకారుడు.

బేస్ రాని బేస్ వాద్యకారుడు

అన్నయ్యకు వీళ్లలో అభిమాన నాయకుడు లెమ్మీ. 1945 డిసెంబర్ 24న ఇంగ్లండులోని స్టోక్‌లో పుట్టాడు. అసలు పేరు ఇయాన్ కిల్మిస్టర్. కొంతకాలం జిమీ హెండ్రిక్స్ బృందానికి సామాను మోశాడు. 1969లో లండన్‌లో పుట్టిన హాక్‌విండ్ బృందంలో 1971లో చేరాడు. చేరేనాటికి అతనికి గిటార్ వచ్చు గాని బేస్ రాదు. రాకపోవడమే అతనికి వరమయింది. ఒక్కొక్క స్వరం పలికించే బదులు గిటార్ మీద వాయించినట్టే రెండు మూడు తీగలు కలిపి బాదేవాడు. బండరాళ్లు దొర్లినట్టుండే ఆ మోతే హాక్‌విండ్‌కు పునాది అయింది.

1972 ఫిబ్రవరిలో లండన్ రౌండ్‌హౌస్‌లో వాళ్లు 'సిల్వర్ మెషీన్' వాయించినప్పుడు పాడినది రాబర్ట్ కాల్వర్ట్. తర్వాత ఆ గొంతు తీసేసి స్టూడియోలో లెమ్మీ గొంతు చేర్చారు. ఆ రికార్డు బ్రిటన్ పట్టికలో 3వ స్థానానికి ఎక్కింది. మరుసటి ఏడు 'స్పేస్ రిచువల్' అనే జంట రికార్డు వచ్చింది. అది కచేరీల్లోనే రికార్డు చేసినది. నాటకం, నాట్యం, దీపాల వెలుగులు, సైన్స్ నవలల రచయిత మైకేల్ మూర్కాక్ మాటలు - అన్నీ కలిపిన తమాషా అది.

ఈ కథలో మత్తుమందుల నీడ కూడా ఉంది. దాచడం దేనికి? 1975లో కెనడా సరిహద్దు దగ్గర మత్తుమందుతో పట్టుబడ్డ లెమ్మీని బృందం తీసేసింది. అతను కుంగిపోలేదు. హాక్‌విండ్‌కు రాసిన చివరి పాట పేరునే పెట్టుకుని 'మోటర్‌హెడ్' అనే సొంత బృందం కట్టాడు. 2015 డిసెంబర్ 11న బెర్లిన్‌లో ఆఖరి కచేరీ చేశాడు. అదే నెల 28న, డెబ్బయ్యో పుట్టినరోజు గడిచిన నాలుగు రోజులకు కన్నుమూశాడు.

నాన్నగారి ఏడు అక్షరాలు

మా ఇంటి కథను మలుపు తిప్పింది మాత్రం పింక్ ఫ్లాయిడ్ బేస్ వాద్యకారుడు రోజర్ వాటర్స్. 1971లో వచ్చిన వాళ్ల 'మెడిల్' రికార్డు మొదటి పాటలో ఒకటి కాదు, రెండు బేస్ గిటార్లు వినిపిస్తాయి. రెండోది గిటార్ వాద్యకారుడు డేవిడ్ గిల్మోర్‌ది. ప్రతిధ్వని యంత్రం గుండా పోవడంతో ఒక్క మీటు పదిగా వినిపిస్తుంది. అన్నయ్య రెండు స్పీకర్లూ గదికి చెరో మూలా పెట్టి మరీ వినిపించేవాడు.

1973లో 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' వచ్చింది. ఆ రికార్డు మా ఇల్లు చేరేసరికి మరో రెండేళ్లు పట్టింది. అందులో 'మనీ' అనే పాట చిల్లర డబ్బుల గలగలతో మొదలవుతుంది. వెంటనే వాటర్స్ బేస్ అందుకుంటుంది.

ఒక ఆదివారం సాయంత్రం. నాన్నగారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. లోపల ఆ పాట సాగుతోంది. ఇప్పుడు కేకలు పడతాయని నేను ఎదురు చూస్తున్నాను. కేకలు పడలేదు. తొంగి చూస్తే నాన్నగారి చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది. పేపరు మడిచి గదిలోకి వచ్చారు.

"ఒరేయ్ పెద్దాడా, మళ్లీ మొదట్నుంచి పెట్టు."

అన్నయ్య భయపడుతూనే ముల్లు వెనక్కి పెట్టాడు. నాన్నగారు వేళ్లు మడుస్తూ "తకిట తకధిమి, తకిట తకధిమి" అని లెక్క పెట్టారు. "ఏడు అక్షరాలు! మిశ్రచాపు రా ఇది! ఈ తెల్లవాళ్లకు ఎవరు నేర్పారూ?" అన్నారు. మధ్యలో గిటార్ విజృంభించే చోట "ఆగు, నడక మారింది, ఇప్పుడు నాలుగు" అన్నారు. మళ్లీ ఏడులోకి రాగానే "భేష్! ఆ కింద మంద్రంలో వాయించేవాడెవడో లెక్క తెలిసినవాడు" అన్నారు.

నిజంగానే ఆ పాట నడక ఏడు. గిటార్ విజృంభణ నాలుగు. మాకు ఎవరూ చెప్పని సంగతి అది.

ఆ తర్వాత నాన్నగారికి రాక్ సంగీతం నచ్చిందని చెబితే అబద్ధమవుతుంది. పిండిమర పిండిమరే. కాని ఆ రాత్రి ఇద్దరూ ఒకే పంక్తిలో భోంచేశారు. ఆ తర్వాత కొత్త రికార్డు వచ్చినప్పుడల్లా "ఇందులో తాళమేమిట్రా?" అని అడిగేవారు. తండ్రీకొడుకులకు మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరికింది. మాకు అంతే చాలు.

ఫిజీ కుర్రవాడు

మూడోవాడు గాంగ్ బృందం బేస్ వాద్యకారుడు మైక్ హౌలెట్. ఇతను ఫిజీలోని లౌటోకాలో పుట్టాడు. మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి మన తెలుగువాళ్లూ, తమిళులూ చెరకు తోటల పనికి వెళ్లిన దేశమది. 1974 నాటి 'యూ' రికార్డులో అతను ఒకే వరసను ఓపికగా తిప్పి తిప్పి వాయిస్తుంటే తంబూరా శ్రుతి గుర్తుకొస్తుంది. 1977లో స్టింగ్, ఆండీ సమ్మర్స్, స్టువర్ట్ కోప్‌లాండ్‌లను మొదటిసారి ఒక్కచోట చేర్చి తనతో వాయింపజేసింది ఇతనే. ఆ ముగ్గురే తర్వాత 'పోలీస్' బృందంగా లోకప్రసిద్ధులయ్యారు. 1980 మార్చిలో వాళ్లు బొంబాయి రంగ్ భవన్‌లో కచేరీ చేశారు. ఉద్యోగరీత్యా అన్నయ్య అప్పుడు బొంబాయిలోనే ఉన్నాడు. వెళ్లి విని వచ్చి నాన్నగారికి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. రాక్ సంగీతం గురించి తెలుగులో అంత పెద్ద ఉత్తరం అప్పటికి నేను చూడలేదు.

ఇప్పుడు

నాన్నగారు పోయి చాలాకాలమయింది. ఆ ఉత్తరం ఆయన త్యాగరాజ కీర్తనల పుస్తకంలో భద్రంగా దొరికింది.

అన్నయ్యకు ఇప్పుడు డెబ్బయి దాటాయి. వినికిడి తగ్గింది. వయసు పైబడ్డప్పుడు ముందుగా పోయేది పైస్థాయి ధ్వనులట. మనవరాలి మాటలు సగం అందవు, వేణువు అసలు అందదు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు 'మనీ' పెట్టాను. చిల్లర గలగల అతనికి వినిపించలేదు. బేస్ మొదలవగానే మాత్రం కళ్లు మూసుకుని స్పీకర్ పెట్టె మీద అరచెయ్యి ఆన్చాడు. రెండో చేతి వేళ్లు మడుస్తున్నాడు.

పక్కనే కూర్చున్న మనవరాలు "ఏం లెక్కపెడుతున్నావు తాతా?" అని అరిచింది.

"మా నాన్నగారి తాళం," అన్నాడు అన్నయ్య.