టకటక... ఆ చప్పుడే వేరు!

ఆటల కోసం ఇంటికొచ్చిన మెకానికల్‌ కీబోర్డు అబ్బాయికి ముద్దు. పక్కగదిలో చదువుకునే అక్కకు తలనొప్పి. మరి నాన్నకో? ముప్ఫై ఏడేళ్ల కిందటి జ్ఞాపకం!

రాత్రి పదకొండు గంటలు. విజయవాడలోని ఓ అపార్ట్‌మెంట్‌. ఇల్లంతా నిద్రకు సిద్ధమవుతుంటే ఒక గదిలోంచి మాత్రం ఆగకుండా చప్పుడు. టక్‌... టకటక... టక్‌! ఎవరో మూకుడులో గుప్పెడు మరమరాలు వేసి వేయిస్తున్నట్టు.

‘ఏంట్రా ఆ గోల?’ అంటూ వచ్చింది అమ్మ. ‘గోల కాదమ్మా, కొత్త కీబోర్డు. మెకానికల్‌’ అన్నాడు ఇంజినీరింగ్‌ మూడో ఏడాది చదువుతున్న అబ్బాయి. మీటల కిందనుంచి ఎరుపూ నీలం ఆకుపచ్చా రంగులు ఒకదాని వెంట ఒకటి పరుగులు తీస్తున్నాయి. ‘ఎంతేమిటి?’ అన్నారు వెనకాలే వచ్చిన నాన్న. సమాధానం విని ఆయన కాసేపు మాట్లాడలేదు. ఐదారొందలకు దొరికే వస్తువుకి అన్ని వేలా! ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన మొదటి స్టయిపెండ్‌ మొత్తం దానికే పోయిందని తెలిశాక అసలే మాట్లాడలేదు.

ఇంతకీ ఏముంది ఆ కీబోర్డులో?

ప్రతి మీటా ఓ యంత్రమే

మామూలు కీబోర్డును విప్పితే లోపల కనిపించేది రబ్బరు పొర. దాని మీద మీటకొకటి చొప్పున చిన్న బుడిపెలు. మీటను నొక్కితే బుడిపె అణిగి, కింద ఉన్న ప్లాస్టిక్‌ షీట్ల మీది సర్క్యూట్‌ కలుస్తుంది. అక్షరం పడాలంటే మీట దాదాపు అడుగుదాకా వెళ్లాల్సిందే. కొన్నాళ్లకు రబ్బరు మొద్దుబారుతుంది. ‘ఈ మీట సరిగ్గా పడట్లేదు’ అని గట్టిగా పొడవడం అప్పుడే మొదలవుతుంది.

మెకానికల్‌ కీబోర్డులో అలా కాదు. ప్రతి మీట కిందా విడిగా ఓ స్విచ్చు, దానికో స్ప్రింగు, రెండు లోహపు రేకులు. వంద మీటలుంటే వంద స్విచ్చులు. ధర పెరిగేదీ అందుకే. వీటిలో బాగా పేరున్న చెర్రీ ఎమ్మెక్స్‌ స్విచ్చునే తీసుకుంటే, మీట మొత్తం 4 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. అయితే 2 మిల్లీమీటర్లు దిగేసరికే అక్షరం పడిపోతుంది. అడుగుదాకా నొక్కాల్సిన పనిలేదు. వీటిలో కొన్ని రకాల స్విచ్చులు పదికోట్లసార్లు నొక్కినా పనిచేస్తాయన్నది తయారీదారు చెప్పే లెక్క.

వీటిలో రకాలను రంగులతో గుర్తుపడతారు. ఎరుపు రకం మెత్తగా, అడ్డూ ఆపూ లేకుండా దిగిపోతుంది. దాన్ని నొక్కడానికి 45 గ్రాముల బరువు చాలు. అంటే కోడిగుడ్డు బరువు కన్నా తక్కువే! ఆటలాడేవాళ్లకు ఇష్టమైనది ఇదే. గోధుమ రంగుది మధ్యలో చిన్న గతుకులా వేలికి తగులుతుంది. నీలం రంగుదైతే గతుకుతో పాటు ‘టిక్‌’మని చప్పుడూ చేస్తుంది. లోహపు రేకులు తగలడంవల్ల వచ్చే చప్పుడు కాదది. చప్పుడు కోసమే లోపల విడిగా ఓ ప్లాస్టిక్‌ ముక్కను పెట్టారు. అంటే కావాలని పెట్టిన మోత అన్నమాట. మన అబ్బాయి కొన్నది... ఇంకేముంది, నీలమే!

పాత చుట్టమే

‘ఇది కొత్తేం కాదురా’ అన్నారు నాన్న మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ. నిజమే. ఈ టకటకకు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

అమెరికాలోని మిల్వాకీకి చెందిన క్రిస్టఫర్‌ షోల్స్‌, అతని మిత్రులు టైపుమిషన్‌కు పేటెంటు పొందింది 1868లో. రెమింగ్టన్‌ కంపెనీ దాన్ని బజార్లోకి తెచ్చాక ‘క్వర్టీ’ వరుస స్థిరపడింది. ఇవాళ లక్షరూపాయల గేమింగ్‌ కంప్యూటర్‌ ముందున్నదీ ఆనాటి వరుసే. మనదేశంలో గోద్రెజ్‌ టైపుమిషన్‌ తయారైంది 1955లో. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలపాటు కోర్టుల దగ్గరా తాలూకా ఆఫీసుల దగ్గరా టైపు ఇన్‌స్టిట్యూట్లలోనూ దాని మోతే మోత. పదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఖాళీగా ఉన్న పిల్లల్ని ‘పోయి టైపు నేర్చుకో, లోయరూ హయ్యరూ పాసైతే ఎక్కడో చోట గుమస్తా ఉద్యోగమైనా వస్తుంది’ అని తరిమిన రోజులవి. నాన్న 1988లో తెనాలిలో నేర్చుకున్నదీ అలాంటి మిషన్‌ మీదే. ఏ ఎస్‌ డి ఎఫ్‌ జి ఎఫ్‌... సెమీకోలన్‌ ఎల్‌ కె జె హెచ్‌ జె... వరస చివర ‘టింగ్‌’మని గంట. చిటికెనవేలితో ‘ఏ’ నొక్కీ నొక్కీ రాత్రికి అన్నం కలపడానికే వేలు నొప్పిపుట్టేదట.

కంప్యూటర్లు వచ్చిన కొత్తలోనూ చప్పుడు పోలేదు. ఐబీఎం 1981లో పర్సనల్‌ కంప్యూటర్‌ తెచ్చినప్పుడు దానితోపాటు ఇచ్చిన కీబోర్డులో మీట కింద స్ప్రింగు ఒక్కసారిగా వంగి ‘టక్‌’మనేది. 1985లో వచ్చిన మోడల్‌ ఎమ్‌ కూడా ఆ బాపతే. బరువు రెండు కిలోలకు పైమాటే. టైపుమిషన్‌కు అలవాటుపడిన వేళ్లు కంప్యూటర్‌కు మారడానికి ఆ ‘టక్‌’ బాగా సాయపడింది. అయితే, కంప్యూటర్ల ధరలు తగ్గించాలన్న పోటీలో 1990ల్లో చవకైన రబ్బరు పొరలు రంగంలోకి దిగాయి. స్ప్రింగులు మూలపడ్డాయి.

మళ్లీ వాటిని బయటికి తీసింది గేమర్లు. 1953లో అమెరికాలో మొదలై తర్వాత జర్మనీలో స్థిరపడిన చెర్రీ కంపెనీ 1980ల తొలినాళ్లలోనే తన ఎమ్మెక్స్‌ స్విచ్చును రూపొందించింది. గత దశాబ్దంలో ఆ పేటెంటు గడువు తీరడంతో చైనా కంపెనీలు అదే నమూనాలో స్విచ్చుల్ని తయారుచేయడం మొదలుపెట్టాయి. ధరలు దిగొచ్చాయి. అలా మన అబ్బాయిల బల్లల దాకా వచ్చాయి.

కొత్త కాపురం... కొన్ని తిప్పలు

వచ్చిన మొదటి వారమంతా తప్పులే. పాత కీబోర్డు మీద వేళ్లు ఆనించి కూర్చోవడం అలవాటు. ఇక్కడ ఆనిస్తే చాలు, అక్షరాలు పడిపోతాయి. ప్రాజెక్టు రిపోర్టులో ఎక్కడ పడితే అక్కడ ‘ఎఫ్‌’లు, ‘జె’లు ప్రత్యక్షం!

ఆట మధ్యలో ఇంకో చిక్కు. కంట్రోల్‌ నొక్కబోయి పక్కనున్న విండోస్‌ మీట నొక్కితే స్క్రీన్‌ మీద ఆట మాయమై మెనూ తెరుచుకుంటుంది. మళ్లీ వెనక్కి వెళ్లేలోపు శత్రువు కాల్చి పారేస్తాడు. దానికి మందుగా గేమింగ్‌ కీబోర్డుల్లో ‘గేమ్‌ మోడ్‌’ ఉంటుంది. అది వేస్తే విండోస్‌ మీట పనిచేయదు. బాగానే ఉంది కానీ, వేసిన సంగతి మర్చిపోతేనే కష్టం. రెండురోజుల తర్వాత ‘మీట పాడైంది, వెనక్కి పంపేస్తా’ అని అబ్బాయి చిందులు తొక్కాడు. తీరా చూస్తే మోడ్‌ ఆపలేదంతే.

స్పేస్‌బార్‌ది మరో గొడవ. పొడుగాటి మీటలు ఏ మూల నొక్కినా సమంగా దిగడానికి వాటి కింద సన్నటి తీగ అమర్చుతారు. ఆ తీగ వదులుగా ఉంటే గలగలమంటుంది. తెలిసినవాళ్లు మీటను ఊడదీసి తీగ చివర్లకు చుక్క గ్రీజు రాస్తారు. ఆశ్చర్యం, సగం మోత తగ్గుతుంది!

ఇక ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడటం. లోహపు రేకులు తగిలేటప్పుడు కంటికి కనపడనంత వేగంగా ఎగిరెగిరి పడతాయి. వాటిని లెక్కలోకి తీసుకోకుండా కీబోర్డులోని చిప్‌ కొన్ని మిల్లీసెకన్లు ఆగుతుంది. రేకుల మధ్య దుమ్ము చేరినా, అరిగినా ఆ ఏర్పాటు దెబ్బతిని ‘అమ్మా’ కాస్తా ‘అమ్మాా’ అవుతుంది. స్విచ్చును లాగి మార్చుకునే వీలున్న కీబోర్డయితే ఆ ఒక్కటీ మారిస్తే సరి. లేదంటే టంకం పెట్టాల్సిందే. కొనేముందే చూసుకోవాల్సిన విషయమిది.

మీటల సందుల్లో వెంట్రుకలూ మిక్చరు పలుకులూ చేరడం సరేసరి. మీటలన్నీ ఊడదీసి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి పూర్తిగా ఆరబెట్టి పెట్టుకోవచ్చు. ఊడదీసేముందు ఫోన్‌తో ఫొటో తీసుకోవడం మరవకూడదు. లేదంటే ఏ అక్షరం ఎక్కడుండేదో తలపట్టుకోవాలి!

ఆటకు ఇదే ఎందుకు?

చప్పుడు కోసమేనా ఇంత ఖర్చు? కాదంటారు ఆటగాళ్లు. పరుగెత్తుతూ, పక్కకు జరుగుతూ, అదే క్షణంలో ఎగరాలంటే ఒకేసారి మూడు నాలుగు మీటలు నొక్కాలి. మామూలు కీబోర్డుల్లో మీటలన్నీ అడ్డగీతలూ నిలువుగీతలూ కలిసే గళ్లలా అమర్చి ఉంటాయి. ఒకేసారి కొన్ని నొక్కితే ఏవి నొక్కారో చిప్‌కు అర్థంకాదు. దాంతో ఒకటి రెండు మీటల్ని వదిలేస్తుంది. మంచి గేమింగ్‌ కీబోర్డులో ప్రతి మీటకూ ఓ డయోడ్‌ ఉంటుంది. పది వేళ్లూ ఒకేసారి వేసినా పదీ లెక్కలోకి వస్తాయి.

ఇప్పుడు ఇంకో అడుగు ముందుకేసి లోహపు రేకులే లేని స్విచ్చులు వచ్చాయి. మీటలో చిన్న అయస్కాంతం ఉంటుంది. అది ఎంత కిందికి దిగిందో సెన్సర్‌ కొలుస్తుంది. 1879లో ఎడ్విన్‌ హాల్‌ కనిపెట్టిన సూత్రమే దీనికి ఆధారం. మిల్లీమీటర్‌లో పదోవంతు దిగినా చాలు, స్పందించేలా పెట్టుకోవచ్చు. ఈ వేగం ఎక్కడిదాకా వెళ్లిందంటే... ఎదురెదురు దిశల మీటలు రెండూ నొక్కినప్పుడు చివరిదాన్నే తీసుకునే సదుపాయాన్ని కొన్ని కంపెనీలు 2024లో కీబోర్డులోనే పెట్టాయి. వేళ్లు చేయాల్సిన పనిని యంత్రం చేస్తే అది నైపుణ్యం ఎలా అవుతుందన్న ప్రశ్న వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో వాల్వ్‌ సంస్థ ‘కౌంటర్‌ స్ట్రైక్‌ 2’ అధికారిక సర్వర్లలో అలాంటి వాటిని నిషేధించింది. డబ్బుతో కీబోర్డు కొనుక్కోవచ్చు. వేళ్లను కొనుక్కోలేం కదా!

తెలుగు రాస్తే...

తుపాకీ ఆటల్లో అందరి ఎడమచెయ్యీ ఉండేది డబ్ల్యూ, ఏ, ఎస్‌, డి మీటల మీదే. అందుకే ముందుగా నునుపుదేలేవీ అవే. తమాషా ఏమిటంటే, మనదేశంలో ప్రమాణంగా ఉన్న ఇన్‌స్క్రిప్ట్‌ పద్ధతిలో తెలుగు రాసేవాళ్లకూ అవి ముఖ్యమే. ఈ పద్ధతిలో అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి వస్తాయి. ‘డబ్ల్యూ’ నొక్కితే ఐత్వం, ‘ఏ’ నొక్కితే ఓత్వం, ‘ఎస్‌’ నొక్కితే ఏత్వం. ‘డి’ నొక్కితే పొల్లు. షిఫ్టుతో కలిపితే ‘అ’. వత్తు ఎక్కడున్నా పొల్లు తప్పదు కాబట్టి ‘అమ్మ’ అని రాయాలంటే ‘డి’ని రెండుసార్లు తలచుకోవాల్సిందే. ఆటలో కుడివైపు జరగడానికి పనికొచ్చే మీటే అమ్మకూ అక్కకూ అన్నకూ పనికొస్తుందన్నమాట!

కానీ, ముచ్చటపడి మరీ చిన్న కీబోర్డు కొంటే ఇబ్బందే. సైజు తగ్గించడానికి కుడిపక్కనుండే అంకెల మీటల్ని, మరీ చిన్నవాటిలో పైనుండే ‘ఎఫ్‌’ వరుసనూ తీసేస్తారు. బట్టల హోల్‌సేల్‌ దుకాణంలో లెక్కలు రాసే నాన్నకు రెండూ కావాలి. ట్యాలీలో చెల్లింపుకు ఎఫ్‌5, రాబడికి ఎఫ్‌6. ఇంట్లో ఒకే కంప్యూటర్‌ ఉంటే, కొనేముందు అందరినీ అడగడం మంచిది. అదృష్టం కొద్దీ మన అబ్బాయి కొన్నది పూర్తి సైజుదే.

సంధి కుదిరింది

అసలు సమస్య వీటిలో ఏదీ కాదు. పక్కగదిలో గ్రూప్‌-2కు చదువుతున్న అక్క. పరీక్షకు నెలరోజులే ఉంది. పోయినసారి కొద్ది మార్కుల్లో పోయింది. ఒకరోజు రాత్రి పుస్తకం పట్టుకుని ఏడుస్తూ హాల్లోకి వచ్చేసింది. ‘రెండు గంటల నుంచి ఒకే పేజీ చదువుతున్నాన్రా. నీ టకటక తప్ప ఏమీ ఎక్కట్లేదు’ అంది. అబ్బాయి మొహం చిన్నబోయింది. కీబోర్డును డబ్బాలో పెట్టేశాడు.

ఆ డబ్బాను మళ్లీ తెరిపించింది అక్కే. ‘మోత తగ్గే మార్గం చూడరా, పారేయమనలేదుగా’ అని. మార్గాలున్నాయి. నీలం స్విచ్చులు తీసి చప్పుడు తక్కువ చేసే సైలెంట్‌ రకం పెట్టుకోవచ్చు. వాటిలో మీట కొట్టుకునేచోట మెత్తటి రబ్బరు ఉంటుంది. స్విచ్చులు మారే రకమే కాబట్టి ఆ ఖర్చుతో సరిపోయింది. బోలు బల్ల మోతను పెంచుతుంది కాబట్టి కింద మందపాటి మ్యాటు. అమ్మ అయితే పాత టర్కీ టవలును నాలుగు మడతలు వేసి పరిచింది. మ్యాటుకన్నా అదే నయమని తేలింది! కీబోర్డు ఎత్తు ఎక్కువ కాబట్టి మణికట్టు పైకి వంగకుండా వెనక కాళ్లు మడిచేశాడు. పదిన్నర దాటితే ఆట బంద్‌. ఇది అక్క పెట్టిన షరతు.

వారం తర్వాత ఓ ఆదివారం మధ్యాహ్నం. అబ్బాయి బయటికెళ్లాడు. గదిలోంచి చప్పుడు. ఊడదీసిన నీలం స్విచ్చుల్లో కొన్నింటిని ఎవరో మధ్యవరుసలో మళ్లీ పెట్టించుకున్నారు. ‘ఎఫ్‌’, ‘జె’ మీటల మీదుండే చిన్న గీతల్ని చూపుడువేళ్లతో తడిమి, కళ్లు మూసుకుని కూర్చున్నారు నాన్న. ఏ ఎస్‌ డి ఎఫ్‌ జి ఎఫ్‌... టకటకటక... వరస తప్పలేదు, వేలు తడబడలేదు. 

ఒక్క గంటే తక్కువ. ఆ లోటు కూడా అమ్మ తీర్చింది, వంటింట్లోంచి గరిటెతో గిన్నె మీద ‘టింగ్‌’మనిపించి. ‘భోజనానికి వస్తారా, లేక హయ్యర్‌ పాసయ్యాకేనా?’