తారుమారైన కాలం, తక్కువ ఖర్చు చిత్రం

కథను జరిగిన వరుసలోనే చెప్పాలన్న నియమం ఎక్కడా లేదు. అలిఫ్ లైలాలోను, కాశీమజిలీ కథలలోను ఒక కథ నడుమ మరొక కథ మొదలై శ్రోతను వెనుకకు, ముందుకు త్రిప్పుతూనే ఉంటుంది. చలనచిత్రాలలో ఈ పని చేసే సాధనాన్ని ఫ్లాష్‌బ్యాక్ అంటున్నాం. కర్నూలు, కడప ప్రేక్షకులకు ఇది సుపరిచితమే. 2002లో వచ్చిన ‘ఇంద్ర’లో, కాశీలో టాక్సీ నడుపుకొనే శంకర్ నారాయణ నిజానికి సీమను వీడి వచ్చిన ఇంద్రసేనారెడ్డి అని కథ వెనుకకు మళ్లినప్పుడే తెలుస్తుంది.

అయితే ఇటువంటి ఫ్యాక్షన్ చిత్రాలలో గతాన్ని ఎవరూ శంకించరు. అది తెలియగానే నాయకుని కోపం న్యాయమైనదని ప్రేక్షకుడు తీర్పు చెప్పివేస్తాడు. ఇందుకు భిన్నంగా గతాన్నే బోనులో నిలబెట్టే చిత్రాలు కొన్ని కలవు. 1940లలో వెలువడిన అమెరికన్ నేరకథా చిత్రాలకు ఫ్రెంచి విమర్శకుడు నీనో ఫ్రాంక్ 1946లో ‘ఫిల్మ్ నోయిర్’ అనే పేరు వాడాడు. నోయిర్ అనగా నలుపు. చీకటి వీధులు, మోసపోయే నాయకుడు, నమ్మదగని మాట వాటి లక్షణాలు. ఆ లక్షణాలను తరువాతి కాలంలో తిరిగి చేపట్టినవే నియో నోయిర్ చిత్రాలు.

ఈ కోవలో 1998లో వచ్చిన ‘ఫాలోయింగ్’ గమనింపదగినది. క్రిస్టఫర్ నోలన్ దీనిని లండన్‌లో అతి తక్కువ ఖర్చుతో, 16 మిల్లీమీటర్ల నలుపు తెలుపు ఫిల్ముపై తీశారు. నటులు ఉద్యోగస్తులు కావున చిత్రీకరణ ప్రధానంగా శనివారాలలోనే సాగింది. ఫిల్ము వృథా కాకుండా ముందే రిహార్సల్స్ చేసి ఒకటి రెండు టేకులలో ముగించేవారు. కథలోని మూడు కాలాలను ముక్కలు చేసి కలిపినా ప్రేక్షకుడు దారి తప్పడు. నాయకుడు పెరిగిన జుట్టుతో ఉంటే ఒక కాలం; క్షౌరం చేయించుకొని సూటు ధరిస్తే మరొకటి; ముఖాన దెబ్బలుంటే ఇంకొకటి. కాలాన్ని సూచించడానికి ఖరీదైన సెట్టు అక్కరలేకపోయింది, కత్తెర చాలింది.

తెలుగులో ఇందుకు దగ్గరగా వచ్చినది 2016 ఫిబ్రవరిలో విడుదలైన ‘క్షణం’. అడివి శేష్ కథ సమకూర్చి నాయక పాత్ర ధరించగా, రవికాంత్ పేరెపు దర్శకత్వం వహించారు. ఖర్చు సుమారు కోటి రూపాయలు మాత్రమే. అమెరికాలో ఉన్న రిషికి, పూర్వం ప్రేమించిన శ్వేత ఫోను చేసి తన కూతురు రియా అపహరణకు గురైనదని చెబుతుంది. అతడు హైదరాబాదు వచ్చి విచారిస్తే, ఆమెకు అసలు బిడ్డే లేదని భర్తతో సహా పలువురు చెబుతారు. వెదుకులాట నడుమ నాటి ప్రేమకథ కనిపిస్తూ ఉంటుంది. గతాన్ని చూస్తే శ్వేతను నమ్మాలనిపిస్తుంది; వర్తమానాన్ని చూస్తే శంకించాలనిపిస్తుంది. ఈ ఒరిపిడిలోనే ఉత్కంఠ ఉంది. దీనినే 2018లో హిందీలో ‘బాఘీ 2’గా పెద్ద ఎత్తున తీశారు.

వరుస మార్చినంత మాత్రాన చిత్రం గొప్పది కాదు. ముక్కలను తిరిగి వరుసలో పేర్చి చూసినప్పుడు కథ నిలవాలి. ఆధారాలన్నీ ముందే మన కళ్లకు కనిపించి ఉండాలి. దాచినదంతా చివరిలో ఒక్కసారిగా కుమ్మరిస్తే అది ప్రేక్షకుని వంచించడమే అవుతుంది.

సీమ కథలుగా తెరకెక్కిన చిత్రాలలో పెక్కింటిలో గతం పగకు కారణంగానే వచ్చింది. ఒకరు చెప్పిన గతాన్ని నమ్మి కత్తి పట్టడం ఆ కథల రీతి. అదే గతాన్ని రెండవ వైపు నుండి కూడా చూపి, “ఇది నిజమేనా?” అని అడిగే చిత్రమే సీమకు అవసరమని మేము భావిస్తున్నాం. దానికి పేలిపోయే సుమోలు అక్కరలేదు. కె.సి. కాలువ గట్టు, కొండారెడ్డి బురుజు నీడ, దీపాలు ఆరిన ఒక బజారు వీధి చాలు. ఏ సంగతి ముందు, ఏది వెనుక అని ఆలోచించడానికి కలం, కాగితం తప్ప వేరే పెట్టుబడి లేదు. అవి ప్రతి విద్యార్థి చేతిలోనూ ఉన్నాయి.