వరద తగ్గినా.. చిన్నారులను వీడని భయం

విజయవాడ: 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద సింగ్‌నగర్‌, పాయకాపురం, న్యూ రాజరాజేశ్వరిపేట తదితర ప్రాంతాలను ముంచెత్తింది. వేలాది కుటుంబాలు డాబాలపైన, పై అంతస్తుల్లో బిక్కుబిక్కుమంటూ గడిపాయి. ఆహార పొట్లాలు పడవల్లో, డ్రోన్లలో అందాయి. నీరు తీశాక ఇళ్లలోని బురదను కడిగారు. తడిసిన సామగ్రికి లెక్కలు కట్టారు. అయితే కరెంటు లేని ఆ రాత్రుల్లో పసి మనసులకు తగిలిన దెబ్బ ఏ నష్టపరిహారం జాబితాలోనూ చేరేది కాదు. కంటికి కనిపించని ఈ గాయాన్ని గుర్తించాల్సింది తల్లిదండ్రులు, ఉపాధ్యాయులే.

ఎందుకిలా?
ప్రాణభయం కలిగినప్పుడు మెదడు శరీరాన్ని అప్రమత్తం చేస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి. ముప్పు తొలగాక ఇది సద్దుమణగాలి. కొందరు పిల్లల్లో మాత్రం ఆ అప్రమత్తత అలాగే నిలిచిపోతుంది. ఉరుము, మోటారు చప్పుడు, బురద వాసన.. ఏదైనా నాటి ఘటనను కళ్లముందుకు తెస్తుంది. బిడ్డకు అది గడిచిపోయిన సంగతి కాదు, మళ్లీ జరుగుతున్న ప్రమాదమే. తుపాను, రోడ్డు ప్రమాదం, కన్నవారి మరణం, ఇంట్లో హింస, లైంగిక వేధింపులు ఎదుర్కొన్న పిల్లల్లోనూ ఇదే పరిస్థితి తలెత్తవచ్చు.

వయసును బట్టి లక్షణాలు
ఐదేళ్లలోపు పిల్లలు తల్లి కొంగు వదలరు. మానేసిన పక్క తడిపే అలవాటు తిరిగి మొదలవుతుంది. బడి ఈడు పిల్లలు తరచూ కడుపునొప్పి, తలనొప్పి అంటారు. చదువుపై ధ్యాస నిలవదు. జరిగిన ఘటననే పదేపదే ఆటగా ఆడతారు. కౌమార దశలోని వారు మౌనంగా ఉండిపోతారు, లేదా చిన్న విషయానికే విరుచుకుపడతారు. ‘నా వల్లే ఇలా జరిగింది’ అని తమను తాము నిందించుకునే వారూ ఉంటారు.

పెద్దలు వీటిని మొండితనంగానో, బద్ధకంగానో భావించి దండిస్తుంటారు. దడుపు అని తాయెత్తు కట్టించి ఊరుకునే వారూ ఉన్నారు. దండనతో భయం రెట్టింపవుతుంది. తాయెత్తు కట్టినా, బిడ్డ చెప్పేది వినే మనిషి అవసరం తీరదు.

ఏం చేయాలి?
* నిద్ర, భోజనం, బడి, ఆట వీలైనంత త్వరగా వేళ ప్రకారం సాగేలా చూడాలి. రేపు ఏం జరుగుతుందో తెలిస్తే బిడ్డకు ధైర్యం వస్తుంది.
* చెప్పుకొంటే ఓపికగా వినాలి. చెప్పమని బలవంతం చేయకూడదు. మాటల్లో చెప్పలేనిది బొమ్మల్లో, ఆటల్లో బయటపడుతుంది.
* ‘ఇక వరద రానే రాదు’ వంటి అబద్ధపు హామీలు వద్దు. వస్తే ఎక్కడికి వెళ్లాలో, ఎవరిని పిలవాలో వివరించాలి.
* వరద దృశ్యాలను టీవీలో, ఫోన్‌లో పదేపదే చూడనీయరాదు.
* పక్క తడిపితే నలుగురిలో ఎగతాళి చేయరాదు.
* బడికి తిరిగి వచ్చిన వెంటనే పరీక్షలు, మార్కుల ఒత్తిడి తగదు. హాజరు తగ్గిన విద్యార్థిని మందలించే ముందు కారణం తెలుసుకోవాలి.
* తల్లిదండ్రులు సైతం తమ ఆందోళనను ఆత్మీయులతో పంచుకోవాలి. పెద్దల ముఖం చూసే పిల్లలు ధైర్యపడతారు, భయపడతారు.

వైద్యుడిని ఎప్పుడు కలవాలి?
అండగా నిలిచే పెద్దలుంటే ఎక్కువ మంది పిల్లలు క్రమంగా కోలుకుంటారు. లక్షణాలు నెల దాటినా తగ్గకపోయినా, తిండి, నిద్ర, చదువు దెబ్బతిన్నా మానసిక వైద్యుడికి చూపించాలి. చనిపోవాలని ఉందని బిడ్డ అంటే ఒక్కరోజు కూడా ఆగరాదు. ఈ సమస్యకు ప్రత్యేక కౌన్సెలింగ్‌ పద్ధతులు ఉన్నాయి. దీన్ని పిచ్చిగా భావించి దాచాల్సిన పని లేదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ టెలి మానస్‌ సేవలను 14416 నంబరులో 24 గంటలూ ఉచితంగా పొందవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. వేధింపులకు గురైన, ఆదరణ కోల్పోయిన పిల్లల కోసం చైల్డ్‌ హెల్ప్‌లైన్‌ 1098కి ఫోన్‌ చేయాలి.

ఏటా వానాకాలం వస్తుంది, తుపాను హెచ్చరికలూ వస్తాయి. మబ్బు పట్టినప్పుడు ఇంట్లో సామాను పైకి ఎత్తిపెట్టుకోవడంతో పాటు, పక్కనే బిగుసుకుపోయి కూర్చున్న బిడ్డను దగ్గరకు తీసుకోవడమూ ముందుజాగ్రత్తే.