దోమ, సూది, ఒక లెక్క

సోమశిల రేవులో నిలబడి కృష్ణానదిని ఎప్పుడైనా చూశారా? నాగర్‌కర్నూలు జిల్లాలో కొల్లాపురం దగ్గరి ఊరు ఇది. శ్రీశైలం జలాశయం నీళ్లు వెనక్కి నిలవడం వల్ల ఇక్కడ నది ఎంతో వెడల్పుగా ఉంటుంది. ఆవలి ఒడ్డున సిద్ధేశ్వరం. జనం ఎన్నో ఏళ్లుగా పడవల మీదే అటూ ఇటూ దాటుతూ వచ్చారు. ఈ పడవను కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని పడుతుంది.

కొన్ని జబ్బులకు కూడా పడవ కావాలి. మలేరియా క్రిమి ఒకరి రక్తం నుంచి మరొకరి రక్తంలోకి తనంతట తాను పోలేదు. దాన్ని దోమ మోసుకుపోతుంది. ఈ సంగతికి కీలకమైన ఆధారం దొరికింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, రోగిని కుట్టిన దోమను కోసి చూసి, దాని కడుపు గోడలో ఆ క్రిమిని కనుగొన్నాడు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఇంతవరకు మీకు తెలిసే ఉంటుంది. నా దృష్టిలో అంతకంటే గొప్ప పని ఆయన తరువాత చేశాడు. దోమలన్నిటినీ చంపడం ఎవరి తరం అని చాలామంది పెదవి విరిచారు. రాస్ లెక్క వేసి, అన్నిటినీ చంపనక్కరలేదన్నాడు. ఎలాగంటారా? ఒక రోగి నుంచి సగటున ఇద్దరికి జబ్బు సోకితే 2, 4, 8, 16 అవుతూ పదో మెట్టులో 1024 అవుతుంది. అదే సగటు ఒకటికి తగ్గితే? అర అనుకోండి: 100 మంది తరువాత 50, ఆపైన 25. జబ్బు దానంతట అదే ఆరిపోతుంది. కాబట్టి దోమలను ఆ హద్దుకు దిగువకు తెస్తే చాలు.

ఇప్పుడు దోమకు బదులు ఇంజెక్షను సూదిని ఊహించుకోండి. మత్తుమందుకు బానిసలైన కొందరు ఒకే సూదిని పంచుకుంటారు. సూదిలో మిగిలిన రక్తపు చుక్కతోపాటు హెచ్.ఐ.వి., హెపటైటిస్-సి వైరసులు తరువాతివారిలోకి పోతాయి. మణిపూర్‌లో 1989-90 ప్రాంతంలో ఇలా సూదులు వాడేవారిలో హెచ్.ఐ.వి. కొద్ది నెలల్లోనే దాదాపు సగం మందికి పాకింది. దోమ కొన్ని వారాలకు చస్తుంది. సూదికి చావు లేదు! హెపటైటిస్-సి వైరసు సిరంజిలో 63 రోజుల దాకా బతికి ఉండగలదని ప్రయోగశాలలో తేలింది.

అమెరికాలోని న్యూహేవెన్ పట్టణంలో 1990లో వాడిన సూది ఇస్తే కొత్తది ఇవ్వడం మొదలుపెట్టారు. ఇది దురలవాటును ప్రోత్సహించడమేనని అభ్యంతరాలు వచ్చాయి. అవి తీసిపారేయదగ్గవి కావు. మరి మేలు జరిగిందో లేదో తేలేదెలా? మత్తుమందు వాడేవారు అన్నీ నిజమే చెబుతారా? యేల్ విశ్వవిద్యాలయంలోని ఎడ్వర్డ్ కాప్లాన్ మనుషులను వదిలి సూదులను అడిగాడు. ప్రతి సూదికి ఒక గుర్తు వేశారు. తిరిగొచ్చిన సూదులను కొన్నింటిని పరీక్షించి, వైరసు జాడ ఉందా, సూది ఎన్నాళ్లు బయట తిరిగింది అని చూశారు.

ఇక్కడ సోమశిల పడవ దగ్గరికి రండి. వైరసు ప్రయాణికుడు, సూది పడవ. ఎక్కినవాడు ఆవలి ఒడ్డున దిగకముందే ఆ పడవను లాగేసి, దాని చోట ఖాళీ పడవను దించితే? పడవల సంఖ్య మారలేదు, కాని దాటేవారు తగ్గారు. న్యూహేవెన్‌లో జరిగింది ఇదే. పాత సూదికి కొత్త సూది గనుక సూదులు పెరగలేదు, అవి బయట తిరిగే కాలం తగ్గింది. ఆ కార్యక్రమంలో చేరినవారిలో కొత్తగా హెచ్.ఐ.వి. సోకడం మూడో వంతు తగ్గి ఉంటుందని కాప్లాన్ నమూనా అంచనా కట్టింది. మన దేశంలోనూ జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యక్రమాల్లో సూదుల మార్పిడి ఉంది. సూది అవసరమే లేకుండా నాలుక కింద పెట్టుకునే బిళ్లలతో చికిత్స కూడా ఉంది.

హెపటైటిస్-సి మాత్రం మొండిది. సూది ద్వారా హెచ్.ఐ.వి. కంటే చాలా సులువుగా సోకుతుంది. ఒక రోగి నుంచి ముగ్గురికి సోకుతోందని ఊరికే అనుకుందాం. సూదులు పంచుకోవడం సగానికి తగ్గితే ఒకటిన్నర అవుతుంది. అది ఇంకా ఒకటికి పైనే, అంటే జబ్బు పెరుగుతూనే ఉంటుంది. అయితే ఈ జబ్బును ఇప్పుడు సాధారణంగా 12 వారాల మాత్రలతో నయం చేయవచ్చు. త్వరగా మందులిచ్చి, రోగి వైరసును మోసే కాలాన్ని కూడా సగం చేస్తే ఒకటిన్నర కాస్తా ముప్పావు అవుతుంది. అప్పుడు 100 మంది తరువాత 75, ఆ తరువాత 56.