ఇంటి గ్యారేజీలో స్పోర్ట్స్ కారు: అపోహలు – వాస్తవాలు

బ్రిటన్‌లో కొన్ని ఇళ్ల గ్యారేజీల్లో కారు నిలిపి ఉండదు, తయారవుతూ ఉంటుంది. చాసిస్, సస్పెన్షన్, బాడీ ప్యానెళ్లు, వైరింగ్, నట్లు, బోల్టులు పెట్టెల్లో విడివిడిగా వస్తాయి. ఇంజిన్, గేర్‌బాక్స్ కొత్తవి కొంటారు, లేదా పాత కారులోంచి తీసి వాడతారు. వాటన్నింటినీ సాయంత్రాలూ సెలవురోజులూ కూర్చుని బిగించి రోడ్డెక్కించేది ఆ ఇంటివాళ్లే. 1957లో కాలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్ ఈ సరదాకు పెద్ద పేరు తెచ్చింది. 1973లో ఆ కారు హక్కులు కేటర్‌హామ్ కంపెనీ చేతికి వచ్చాయి. అదే పోలికతో ఉన్న బండిని కేటర్‌హామ్ ఇప్పటికీ కిట్‌గా అమ్ముతోంది.

యూట్యూబ్ పుణ్యమా అని ఈ అభిరుచి మన కుర్రకారునూ ఊరిస్తోంది. దాని వెంటే కొన్ని అపోహలూ వచ్చాయి. చాలావాటికి మూలం ఒక్కటే. షోరూమ్ కారు విషయంలో లెక్కలు, నాణ్యత, పరీక్షలు, కాగితాలు కంపెనీ చూసుకుంటుంది. కిట్ కారులో ఆ కంపెనీ పని చాలావరకు కట్టేవారి నెత్తిన పడుతుంది. ఈ సంగతి మరిచిపోతేనే లెక్కలు తప్పుతాయి.

అపోహ 1: నాలుగు బోల్టులు బిగిస్తే రెండు వారాంతాల్లో కారు సిద్ధం.

వాస్తవం: 2006లో టాప్ గేర్ టీవీ కార్యక్రమంలో ముగ్గురు వ్యాఖ్యాతలు ఒక కేటర్‌హామ్ కిట్‌ను ఒక్క రోజులోనే బిగించేశారు. చూసినవాళ్లకు ఇదేదో పిల్లల ఆటలా అనిపించింది. మామూలు మనిషికి మాత్రం కేటర్‌హామ్ లాంటి పక్కాగా సర్దిన కిట్‌కే దాదాపు వంద గంటలు పడుతుంది. ఉద్యోగం చేసుకుంటూ వారానికి ఆరు గంటలు కేటాయించగలిగితే నాలుగు నెలలు. అమెరికాలో ఫ్యాక్టరీ ఫైవ్ అమ్మే కోబ్రా తరహా కిట్లకు అంతకు రెట్టింపుకు మించి పడుతుంది. ఉక్కు గొట్టాలు కోసి చాసిస్‌ను సొంతంగా వెల్డింగ్ చేసుకునేవాళ్లకైతే ఏళ్లు గడుస్తాయి.

ఇంతకీ సమయం తినేది ఇంజిన్ కాదు. హాయిస్టు అద్దెకు తెచ్చుకుని, పట్టుకోవడానికి మరో మనిషి ఉంటే ఒక పూటలో ఇంజిన్ దిగిపోతుంది. బ్రేకు పైపులను ఒరుసుకోకుండా వంచడం, ఏ వైరు ఎటు పోతుందో చూసుకోవడం, రెండు ప్యానెళ్ల మధ్య సందు సమంగా వచ్చేలా పదేపదే తీసి పెట్టడం, అందాల్సిన ఒక్క బుష్ కోసం ఎదురుచూడటం, ఇవే నెలలు మింగుతాయి. పాత కారును విప్పి భాగాలు తీసుకునేవాళ్లకు అదనంగా తుప్పుపట్టిన బోల్టులతో కుస్తీ, గ్రీజు కడగడం. సగంలో ఆపేసిన కిట్లు సెకండ్ హ్యాండ్ అమ్మకాల్లో ఎప్పుడూ కనిపించేది అందుకే.

అపోహ 2: మనమే కట్టుకుంటాం కాబట్టి కారు కారుచౌక.

వాస్తవం: ఒకప్పుడు ఈ మాటలో కొంత నిజం ఉండేది. బ్రిటన్‌లో అప్పట్లో తయారైన కొత్త కారు మీద పర్చేజ్ టాక్స్ ఉండేది. విడిభాగాలుగా కొని సొంతంగా బిగించుకుంటే ఆ పన్ను తప్పేది. అయితే బిగించే విధానం చెప్పే పుస్తకం కిట్‌తో పాటు ఇవ్వకూడదన్నది అప్పటి షరతు. లోటస్ వాళ్లు తెలివిగా కారును విప్పే విధానం రాసి ఇచ్చారనీ, కొన్నవాళ్లు దాన్ని చివర నుంచి మొదటికి చదువుకున్నారనీ చెప్పుకుంటారు. 1973లో వ్యాట్ వచ్చి పర్చేజ్ టాక్స్ పోవడంతో ఆ లాభమూ పోయింది.

రెండో ఆశ పెట్టింది ఒక పుస్తకం. రాన్ చాంపియన్ అనే స్కూలు టీచరు 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చని పేరులోనే చెప్పే పుస్తకాన్ని 1996లో తెచ్చారు. అలా కట్టిన బండ్లకు లోకాస్ట్ అన్న పేరు స్థిరపడింది. వాటికోసం ప్రత్యేకంగా పందేలు కూడా మొదలయ్యాయి. కానీ ఆ లెక్క వెనక కొన్ని షరతులున్నాయి: వెల్డింగ్ మీకే రావాలి, భాగాలు తుక్కు దుకాణాల్లో ఏరుకోవాలి, ఇంజిన్ నుంచి వెనక యాక్సిల్ దాకా ఇవ్వడానికి పాత ఫోర్డ్ ఎస్కార్ట్ ఒకటి దాదాపు ఉచితంగా దొరకాలి. ఆనాడు తుక్కు కింద పోయిన ఆ ఎస్కార్ట్‌లు ఇవాళ క్లాసిక్ కార్లు. వాటి ధర వింటే కళ్లు తిరుగుతాయి. అందుకే ఇప్పటి బిల్డర్లు మాజ్దా ఎంఎక్స్-5 లాంటి బండ్లవైపు మళ్లారు.

ప్రకటనలో కనిపించే ధర చాలాసార్లు మూల కిట్‌ది మాత్రమే. ఇంజిన్, గేర్‌బాక్స్, చక్రాలు, టైర్లు, సీట్లు, పెయింట్ అందులో ఉన్నాయో లేదో విడిగా చూసుకోవాలి. పనిముట్లు, పరీక్ష రుసుము, బీమా ఎలాగూ వేరే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దల సామెత ఈ కారుకూ అతికినట్టు సరిపోతుంది. డబ్బు ఆదా కోసమే అయితే కొన్నేళ్లు నడిచిన మామూలు స్పోర్ట్స్ కారు కొనుక్కోవడమే మేలు.

అపోహ 3: ఇంజినీరో మెకానిక్కో అయితే తప్ప ఇది సాధ్యం కాదు.

వాస్తవం: పేరున్న కిట్లలో చాసిస్ ఫ్యాక్టరీలోనే వెల్డింగ్ అయి వస్తుంది. కట్టేవాళ్లకు కావాల్సింది పానాల సెట్టు, రివెట్ గన్, డ్రిల్లు, జాక్ స్టాండ్లు, టార్క్ రెంచ్. వీటిలో చివరిది అన్నిటికన్నా ముఖ్యం. ప్రతి బోల్టునూ ఎంత బలంతో బిగించాలో మాన్యువల్‌లో ఒక అంకె ఉంటుంది. తక్కువైతే ఊడుతుంది, ఎక్కువైతే మర పాడవుతుంది. అలవాటున్నవాళ్లు బిగించిన ప్రతి బోల్టు మీదా పెయింట్‌తో ఒక గీత పెడతారు. గీత ఉంటే పని అయినట్టు, తర్వాత ఆ గీత పక్కకు జరిగితే బోల్టు వదులైనట్టు.

కాబట్టి డిగ్రీ కన్నా చదివింది చదివినట్టు చేసే గుణం, చేసింది రాసిపెట్టుకునే అలవాటు ఇక్కడ అక్కరకొస్తాయి. తెలియని పనిని తెలిసినవాళ్లకు అప్పగించడమూ ఒక నైపుణ్యమే. బాడీ పెయింట్, వీల్ అలైన్‌మెంట్, ఇంజిన్ ట్యూనింగ్ బయట చేయించుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.

అపోహ 4: కిట్ కార్లన్నీ ఖరీదైన కార్లకు నకళ్లు.

వాస్తవం: నకళ్లు ఉన్నాయి. షెల్బీ కోబ్రా ఆకారాన్ని పోలిన కిట్లు అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయాయి. కానీ లోటస్ సెవెన్ దేనికీ నకలు కాదు. దాన్నే మిగతావాళ్లు కాపీ కొట్టారు. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ కూడా కిట్‌గా దొరికేది. కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్స్ 1960ల్లో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ భాగాల మీద ఫైబర్ బాడీ బిగించి చేసిన మేయర్స్ మాంక్స్ ఇసుక దిబ్బల మీద పరుగెత్తే డ్యూన్ బగ్గీలన్నిటికీ నమూనా అయింది. దాన్ని ఎంతమంది అనుకరించినా కోర్టులో ఆయనకు రక్షణ దొరకలేదు.

మరో సంగతి వింటే నకలు అన్నవాళ్లు నోరు మూసుకోవాల్సిందే. 1990ల్లో ప్రపంచంలోకెల్లా వేగవంతమైన కారుగా పేరు తెచ్చుకున్న మెక్‌లారెన్ ఎఫ్1ను గోర్డన్ ముర్రే రూపొందిస్తున్నప్పుడు గేర్‌బాక్స్, ఇంజిన్ పరీక్షల కోసం వాడింది అల్టిమా అనే బ్రిటిష్ కిట్ కార్లనే. ఆ రెండు పరీక్ష బండ్లకు ఆల్బర్ట్, ఎడ్వర్డ్ అని పేర్లు పెట్టారు.

అపోహ 5: పెద్ద ఇంజిన్ లేకపోతే అది స్పోర్ట్స్ కారే కాదు.

వాస్తవం: సెవెన్ కుటుంబం రహస్యం ఇంజిన్‌లో కాదు, తక్కువ బరువులో ఉంది. 2021లో వచ్చిన కేటర్‌హామ్ 170 బరువు 440 కిలోలు. దానిలో ఉన్నది మూడు సిలిండర్ల 660 సీసీ సుజుకీ టర్బో ఇంజిన్, శక్తి 84 హార్స్‌పవర్. మన వీధుల్లో తిరిగే మారుతీ స్విఫ్ట్‌కూ దాదాపు అంతే హార్స్‌పవర్. కానీ స్విఫ్ట్ బరువు దీనికి రెట్టింపు. కేటర్‌హామ్ 170 గంటకు 60 మైళ్ల వేగాన్ని దాదాపు ఏడు సెకన్లలో అందుకుంటుంది.

బరువు తగ్గితే లాభం వేగం ఒక్కటే కాదు. చిన్న బ్రేకులు చాలు, సన్న టైర్లు చాలు, మలుపులో బండి పెద్దగా ఒరగదు. అందుకే ఈ కార్లలో తలుపులు, పైకప్పు, ఏసీ లాంటివి కూడా పక్కన పెడతారు. తొలిసారి కట్టేవాళ్లు పెద్ద వీ8 ఇంజిన్ పెట్టాలని ఉబలాటపడితే ఆ బరువుకు, ఆ శక్తికి తగ్గట్టు చాసిస్, బ్రేకులు, కూలింగ్ అన్నీ పెంచుకుంటూ పోవాలి.

అపోహ 6: ఇంట్లో కట్టిన కారు ప్రాణాంతకం. లేదా, పరీక్ష నెగ్గిందంటే ఇక భయమే లేదు.

వాస్తవం: రెండూ అతిశయోక్తులే. బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన కారు రోడ్డెక్కాలంటే ఐవీఏ అనే ప్రభుత్వ పరీక్ష నెగ్గాలి. ఇది 2009లో మొదలైంది. అంతకుముందు ఎస్‌వీఏ అనే పరీక్ష ఉండేది. బ్రేకులు, స్టీరింగ్, పొగ, శబ్దం, స్పీడోమీటర్, అద్దాలు, లైట్లు, సీటు బెల్టుల పట్టు అన్నీ పరిశీలకుడు ఒక్కొక్కటిగా చూస్తాడు. బయటికి పొడుచుకొచ్చిన అంచులు మనిషికి తగిలితే కోయకూడదు. వాటి వంపు కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉండాలి. అందుకే పరీక్షకు తీసుకెళ్లే ముందు నట్ల మీద ప్లాస్టిక్ టోపీలు, రేకు అంచులకు రబ్బరు పట్టీలు తొడుగుతారు. మలుపు తిరిగాక చేతులు వదిలితే స్టీరింగ్ దానంతటదే నేరుగా రావాలన్న నిబంధన సెవెన్ తరహా బండ్లను తరచూ ఇబ్బంది పెడుతుంది. మొదటిసారి తప్పి, లోపాలు సరిచేసి మళ్లీ వెళ్లడం అక్కడ మామూలే.

అయితే ఐవీఏలో ఆ కారును గోడకు గుద్ది చూడరు. సెవెన్ తరహా కారులో ఎయిర్‌బ్యాగులు ఉండవు, ఏబీఎస్ ఉండదు, ప్రమాదంలో దెబ్బను తనలో ఇముడ్చుకునే నలిగే ముందు భాగం కూడా ఆధునిక కారుతో పోల్చదగ్గది కాదు. లారీ పక్కన నడిస్తే డ్రైవరు తల దాని చక్రం ఎత్తులో ఉంటుంది. కాబట్టి పరీక్ష నెగ్గడం అంటే చట్టం అడిగిన కనీస స్థాయిని అందుకోవడం. మిగిలిన జాగ్రత్త నడిపేవారిది.

అపోహ 7: కిట్‌ను కంటైనర్‌లో తెప్పించి, ఇక్కడ బిగించి, ఆర్టీవో ఆఫీసులో నంబరు తీసుకోవచ్చు.

వాస్తవం: ఇది మీరు ఏ దేశంలో ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువారికి ఒక దారి ఉంది. అక్కడ ఎస్‌బీ 100 అనే చట్టం కింద ఇలాంటి సొంత తయారీ కార్లకు ఏటా 500 సర్టిఫికెట్లు ఇస్తారు. కారు బాడీ ఏ ఏడాది మోడల్‌ను పోలి ఉందో, లేదా ఇంజిన్ ఏ ఏడాది దాన్ని పోలి ఉందో చూసి ఆ ఏటి కాలుష్య నిబంధనలు వర్తింపజేస్తారు. అమెరికాలోని మిగతా రాష్ట్రాల్లో ఎవరి నిబంధనలు వారివి.

మన దేశంలో లెక్క వేరు. ఇక్కడ రిజిస్ట్రేషన్‌కు పునాది తయారీదారు తీసుకునే ఆమోదం. కొత్త మోడల్ నమూనాను పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు పరీక్షించాలి. తర్వాత ఒక్కో బండికి తయారీదారు ఫారం 22 ఇవ్వాలి. అలీబాగ్‌కు చెందిన చింకారా మోటార్స్ సెవెన్ పోలికతో రోడ్‌స్టర్ తెచ్చింది, కానీ అది ఒక కంపెనీ చేసిన పని. ఒకే ఒక్క బండి కట్టుకున్న ఔత్సాహికుడి కోసం ఐవీఏ లాంటి దారి మన దగ్గర లేదు.

పాత కారు ఆర్‌సీని అడ్డం పెట్టుకుని దానిమీద కొత్త బాడీ ఎక్కిద్దామన్నా కుదరదు. తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

అలాగని మన దగ్గర కారు కట్టే సరదాకు తావే లేదనుకోవద్దు. బాహా, సుప్రా, ఫార్ములా భారత్ పోటీల కోసం ఇంజినీరింగ్ విద్యార్థులు చాసిస్ గీసి, వెల్డింగ్ చేసి, బండి కట్టి ట్రాక్ మీద నడుపుతున్నారు. హైదరాబాద్ బహదూర్‌పురాలో కె. సుధాకర్ 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియంలో బూటు, క్రికెట్ బ్యాట్ లాంటి ఆకారాల్లో చేతితో కట్టిన వాహనాలు బారులు తీరి ఉంటాయి.

అడ్వాన్సు కట్టే ముందు

విదేశంలో ఉన్నవారు నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకోవాలి. ధరలో లేనివి ఏవి? మీ రాష్ట్రంలో లేదా దేశంలో దీనికి ఏ పరీక్ష, ఏ రకం నంబరు? వారానికి నిజంగా ఎన్ని గంటలు దొరుకుతాయి? పని నడుస్తున్నన్నాళ్లు కారు ఉంచే చోటు ఎవరిది? బ్రిటన్‌లో అయితే నంబరు సంగతి మొదటి రోజు నుంచే చూసుకోవాలి. భాగాలు ఎక్కడివో రసీదులతో చూపలేకపోతే బండి వయసు తెలియదని చెప్పే క్యూ అక్షరం నంబరు ప్లేటు ఇస్తారు. అది అమ్మకం ధరను తగ్గిస్తుంది.

ఇక్కడ ఉన్నవారు పాత స్కూటరుతోనో ఆర్‌సీ సరిగా ఉన్న పాత కారుతోనో మొదలుపెట్టవచ్చు. కంపెనీ వివరాలు మారకుండా విప్పి, శుభ్రం చేసి, అవే తరహా భాగాలతో తిరిగి బిగించడానికి ఏ చట్టమూ అడ్డురాదు. టార్క్ రెంచ్ పట్టడం, బ్రేకుల్లో గాలి తీయడం, వైరింగ్ బొమ్మ చదవడం, ఊడదీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టడం అక్కడే అలవడతాయి. ఆ బండి మళ్లీ స్టార్టయితే మీలో బిల్డరు ఉన్నట్టే. విప్పిన భాగాలు ఆరు నెలల తర్వాత కూడా గోనెసంచిలోనే ఉంటే, కిట్ మీద పెట్టాల్సిన డబ్బు మిగిలినట్టే.