బీరువా లెక్క ఇల్లాలికే తెలుసు



ఇంటికి బీమా అనగానే మనలో చాలామందికి అదంతా మగవాళ్ళ వ్యవహారమనీ, ఆ కాగితమేదో బ్యాంకు కాగితాలతోపాటు భద్రంగానే ఉంటుందనీ ఒక ధీమా. నేనూ మొన్నమొన్నటిదాకా ఆ బాపతే. ఏజంటుగారు ఇంటికొస్తే కాఫీ ఇచ్చి లోపలికి పోయేదాన్నేగాని, పక్కన కూర్చుని ఫారంలో ఏం రాస్తున్నారో చూసిన పాపాన పోలేదు. నా కళ్ళు తెరిపించింది మా అన్నయ్యగారింట్లో జరిగిన సంగతి.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు పొంగి ఊళ్ళోకి వచ్చిందిగదా, మా అన్నయ్యవాళ్ళ ఇల్లు ఆ వైపే. సొంత డాబా. కింది వాటాలో కాపురం. అంతకు ఏడాది ముందే లక్షలు పోసి వంటింట్లో చెక్కపని చేయించారు, టేకు సోఫాలు, పెద్ద ఫ్రిజ్జు కొన్నారు. చూస్తుండగానే నడుములోతు నీళ్ళు! మేడమీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. నీళ్ళు తీశాక దిగి చూస్తే వదిన పట్టుచీరలు బురదముద్దలు. చెక్కపని ఉబ్బి విచ్చుకుపోయింది. "పోనీలేవే, ఇంటికి ఇన్సూరెన్సు ఉందిగా" అన్నాడు అన్నయ్య.

ఉన్నమాట నిజమే. ఇంటి అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకువారు తీయించిన పాలసీ అది. తెరిచి చదివితే అందులో ఉన్నది కట్టడానికి బీమా మాత్రమే. సామానుకు ఒక్క రూపాయి రాసి లేదు. అప్పిచ్చినవాళ్ళకు గోడలు నిలబడితే చాలు, వదిన చీరలతో వాళ్ళకేం పని? గోడలకు బిగించిన చెక్కపని కట్టడం కిందికే వస్తుంది గనుక దానికి కొంత వచ్చింది. సోఫాలు, ఫ్రిజ్జు, చీరలు, పరుపులు గంగపాలే. "ఇల్లంటే ఇంట్లో ఉన్నవన్నీ అనుకున్నానమ్మా" అని వదిన అన్నమాట ఇంకా నా చెవుల్లో ఉంది.

అప్పటినుంచి కూడబలుక్కుని చదివి, తెలిసినవారిని అడిగి గ్రహించినదేమంటే, బీమావారి లెక్కలో ఇల్లనేది ఒక్కటి కాదు. కట్టడం వేరు, సామాను వేరు, నగలూ వెండీ వేరు. ఏ అరలో ఎంత రాయించామో ఆ అరకు అంతే.

బీమా నియంత్రణ సంస్థవారు 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' అని ఒక పాలసీ ఏర్పాటు చేశారు. ఏ కంపెనీలో తీసుకున్నా దాని షరతులు ఒక్కటే. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుపాను, వరద, అల్లర్లు వీటన్నిటికీ వర్తిస్తుంది.

ముందు కట్టడం సంగతి. ఫ్లాటు కోటిన్నరకు కొన్నాం కాబట్టి కోటిన్నరకు బీమా చేయించాలనుకుంటారు కొందరు. అక్కర్లేదు. నేల కాలిపోదుగదా! మనం ఇచ్చిన డబ్బులో పెద్ద భాగం ఆ నేలకే, ఆ పేటకున్న గిరాకీకే. బీమావారు చూసేది గోడల లోపలి వైశాల్యం ఎంత, ఆ ఊళ్ళో ఇవాళ కట్టాలంటే అడుగుకు ఎంత అవుతుంది అన్నదే. 1500 అడుగుల ఫ్లాటు, అడుగుకు 2500 రూపాయలు అనుకోండి, ముప్ఫైఏడున్నర లక్షలు. అయితే ఖరీదైన ఇళ్ళవాళ్ళు ఇక్కడే ఇంకో పొరపాటు చేస్తారు. ఇటాలియన్ రాయి పరిపించి, ఫాల్స్ సీలింగు వేయించి, గోడ గోడకూ చెక్క అలమరాలు బిగించి, బీమా మాత్రం మామూలు ఇంటి రేటుకే రాయిస్తారు. మళ్ళీ అలాగే చేయించుకోవాలంటే ఎంతవుతుందో అదీ లెక్కలోకి రావాలి సుమా.

ఇక మన రాజ్యమైన సామాను. ఈ పాలసీలో కట్టడంతోపాటు సామానుకు కూడా కావాలంటే, కట్టడం మొత్తంలో నూటికి ఇరవై వంతు, ఏ జాబితా ఇవ్వకుండానే వస్తుంది. కట్టడానికి 40 లక్షలయితే సామానుకు 8 లక్షలన్నమాట. కాని ఆ సదుపాయం 10 లక్షల దగ్గర ఆగిపోతుంది. కట్టడం కోటి రూపాయలదైనా సామానుకు 20 లక్షలు రావు, 10 లక్షలే. ఇంట్లో అంతకుమించి ఉంటే వివరాలు రాసిచ్చి పెంచుకోవాలి. ఒక్కసారి కళ్ళు మూసుకుని హాల్లోంచి మొదలుపెట్టి గది గదికీ తిరిగి రండి. టీవీ, ఏసీలు, మంచాలు, వాషింగ్ మెషీను, మిక్సీలు, గ్రైండరు, ఇల్లాలి చీరలు, పిల్లల కంప్యూటర్లు... కొత్తగా కొనాలంటే ఎంతవుతుందో వేస్తే గుండె ఝల్లుమంటుంది. శ్రీవారిని అడిగితే చీరలన్నీ కలిపి ఇరవై వేలు ఉంటాయంటారు! ఆ లెక్క మనమే వేయాలి.

నగల సంగతి ఇంకా జాగ్రత్తగా వినండి. నగలు, వెండి సామాను, పాత చిత్రపటాలు, ఖరీదైన తివాచీలు సామాను కిందికి రావు. వీటికి వేరే కోరి రాయించుకోవాలి. మొత్తం 5 లక్షలు దాటకుండా, ఏ ఒక్కటీ లక్ష దాటకుండా ఉంటే విలువ ధ్రువపత్రం లేకుండానే రాస్తారు. దాటితే విలువ కట్టించి పత్రం ఇవ్వాలి. అమ్మమ్మ ఇచ్చిన కాసులపేరుకు రసీదు ఎక్కడినుంచి తెస్తాం? కాబట్టి విలువ కట్టించడమే మార్గం. అప్పుడు ఆ ఒప్పుకున్న విలువే ఖాయం. అక్షయ తృతీయకు కొని దాచుకునే బంగారు నాణేలు, బిస్కట్లు మాత్రం మామూలుగా ఇందులో చేరవు, నోట్లకట్టలూ చేరవు. పాలసీలో ప్రత్యేకించి రాస్తేనే.

మరి దొంగతనం? మనందరి భయం అదే. 'భారత్ గృహ రక్ష'లో మామూలు దొంగతనానికి రక్ష లేదు. వరదో అగ్నిప్రమాదమో జరిగి, దాని మూలంగా ఏడు రోజుల లోపల దొంగలు పడితేనే లెక్క. ఊరికెళ్ళినప్పుడు తాళం పగలగొట్టి దోచుకుపోతే పరిహారం కావాలంటే దొంగతనానికి వేరే బీమా తీసుకోవాలి. అందులో సాధారణంగా బలవంతంగా చొరబడ్డ ఆనవాలు అడుగుతారు. మారుతాళంతో తీసుకుపోతే, పనిమనిషి చేతివాటం చూపిస్తే వర్తిస్తుందా అని ముందే అడగండి. ఇల్లు ఎన్నాళ్ళు తాళం వేసి ఉండవచ్చో కూడా చాలా పాలసీల్లో పరిమితి ఉంటుంది. అమెరికాలో అమ్మాయి పురిటికి ఆరు నెలలు వెళ్ళేవాళ్ళు ఇది మరీ మరీ చూసుకోవాలి.

"నగలన్నీ లాకర్లో ఉన్నాయి, మాకేం" అంటారా? 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం లాకరు దొంగతనానికో, అగ్నిప్రమాదానికో గురైతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు నూరు రెట్ల వరకే. అద్దె 3000 అయితే 3 లక్షలు. లోపల ఎన్ని కాసులున్నా అంతే. తమ తప్పు లేకుండా వరదలు, భూకంపాలవల్ల పోతే ఆ బాధ్యత కూడా ఉండదు.

ఇంకొక చిక్కు చెప్పి ముగిస్తాను. ప్రీమియం తగ్గుతుందని తక్కువ విలువ రాయిస్తాం చూడండి, అది. 10 లక్షల సరుకుకు 5 లక్షలే రాయించారనుకుందాం. 2 లక్షల నష్టం జరిగితే, రాయించింది సగమే కాబట్టి ఇచ్చేదీ సగమే, లక్ష. 'భారత్ గృహ రక్ష'లో ఈ కోత తీసేశారు. అయినా రాయించిన మొత్తం దాటి ఇవ్వరుగదా. వేరే పాలసీల్లో మాత్రం ఈ కోత ఉందేమో చూసుకోవాలి.

నష్టం జరిగాక మన ఆడవాళ్ళం చేసే మొదటి పని చీపురు పట్టుకోవడం. వదిన కూడా అదే చేసింది. పనికిరానివన్నీ మర్నాడే బండికెత్తించింది. బీమా ఉన్నవాళ్ళు అలా చేయకూడదు. కంపెనీకి వెంటనే కబురు చేసి, ఫోనుతో ఫోటోలు తీసి, సర్వేయరు వచ్చేదాకా పాడైన వస్తువులు పక్కన ఉంచాలి. దొంగతనమైతే పోలీసు ఫిర్యాదు నకలు కావాలి. కంపెనీ సరిగా తేల్చకపోతే ముందు వారికే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నెల చూసి, తర్వాత బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. హైదరాబాదులో ఆఫీసుంది, ఫీజు లేదు.

ఈసారి పాలసీ తీసుకునేటప్పుడు వదిన ఏజంటుగారి ఎదురుగా కూర్చుంది. ముందురోజు రాత్రే గది గదీ తిరిగి ఫోటోలు తీసుకుని, నోటుపుస్తకంలో నాలుగు పేజీలు రాసింది. ఆ పుస్తకం బీరువాలోనే పెట్టబోతుంటే నేనే ఆపాను. కిందటిసారి రసీదులన్నీ నానిపోయింది ఆ బీరువాలోనే మరి! ఇప్పుడు పుస్తకం మేడమీద ఉంది, ఫోటోలు విశాఖపట్నంలో కోడలి ఫోనులో ఉన్నాయి.